బాటకు పిట్టగోడ

క్రొత్త యిల్లు కట్టించువాడు మిద్దెచుట్టును పిట్టగోడ పెట్టింపవలెననియు, పెట్టింపనియెడల పైనుండి పడి చచ్చినవాని దోషము ఆ యింటికి తగులుననియు ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయమున నొక విధి కలదు. మన విద్యార్థులు దీనిని బైబిలు పాఠములలో చదివియే యుందురు. ఇందు గమనింపదగిన సంగతి యొకటి యున్నది. మిద్దె యెక్కినవాడు జాగ్రత్తగా నడువవలెనని అచట చెప్పబడలేదు. ఏమరినవాడు సైతము పడకుండునట్లు ఇల్లు కట్టుమని యజమానునికే చెప్పబడినది. ఈ న్యాయము ఇండ్లకే గాక బాటలకును వర్తించునని చూపుటయే మా వ్యాసోద్దేశము.

హైదరాబాదునుండి విజయవాడకు పోవు పెద్దబాట మునగాల మీదుగా సాగుచున్నది. మునగాల జమీందారీగా నుండిన దినములలో ఈ దారిని ఎడ్లబండ్లు నడిచెడివి. ఎదురుబడిన బండ్లవారు ఒకరినొకరు కేకవేసికొని తప్పుకొనుటకు కావలసినంత వ్యవధి యుండెడిది. 2012వ సంవత్సరమున ఈ బాట నాలుగు వరుసల రహదారి యయ్యెను. ఇప్పుడది 65వ నంబరు జాతీయ రహదారి. బాట మారినది గాని, ఊరి అవసరములు మారలేదు. ఇల్లు ఒక ప్రక్కను, పొలము వేరొక ప్రక్కను ఉన్న రైతు నేటికిని దానిని దాటవలసినవాడే. రాత్రింబగళ్లు పరుగెత్తు లారీలు, బస్సులు, కార్ల నడుమనే ట్రాక్టరును, సైకిలును, గొఱ్ఱెలమందయు, బడికి పోవు పిల్లలును దాటవలసి యున్నది.

వేగమనగా నేమో కొంచెము లెక్క వేసి చూతము. అడ్డము వచ్చినదానిని కన్ను చూచి, మనస్సు గ్రహించి, కాలు బ్రేకుపై పడునంతవరకు రెండున్నర సెకనులు పట్టునని మన దేశపు ఇంజనీర్లు లెక్కింతురు. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఆ రెండున్నర సెకనులలోనే సుమారు 55 మీటర్లు పోవును. బ్రేకు పట్టిన పిదప నిలుచుటకు మరి 65 మీటర్లు కావలెను. వెరసి 120 మీటర్లు. అదే బండి 40 కిలోమీటర్ల వేగమున పోయిన 45 మీటర్లలో నిలుచును. వేగము రెట్టింపైనచో తాకిడి శక్తి నాలుగు రెట్లగును. కావున ఊరిచెంత వేగము సగమునకు తగ్గించుట యనగా ప్రమాదమును సగము తగ్గించుట మాత్రమే కాదు. అంతకంటె చాల యెక్కువ మేలు.

2022వ సంవత్సరము నవంబరు 12వ తేదీ శనివారము రాత్రి మునగాలచెంత జరిగిన ఘోరము మన ప్రాంతమువారికి మరపురానిది. అయ్యప్పస్వామి పూజకు పోయి ట్రాక్టరులో ఇండ్లకు మరలుచున్న వారిని లారీ ఢీకొనెను. ఐదుగురు మరణించిరి, అనేకులు గాయపడిరి. ట్రాక్టరు ఎదురుదారిని వచ్చుచుండెను. సరియైన దారిని పోవలెనన్న దూరముగా నున్న మలుపువఱకు పోయి తిరిగి రావలసియుండుటయే అందుకు కారణమని అప్పుడు వినవచ్చెను.

ఎదురుదారిని పోవుట తప్పుగాదా యని కొందరడుగవచ్చును. తప్పే. అయినను, ఒకే తప్పును ఊరిలో పలువురు, ప్రతిదినమును చేయుచున్నప్పుడు అది మనుష్యుల అజాగ్రత్త యని చెప్పి ఊరకుండుట చాలదు. పెరటి గోడకు పదిమంది పోవుచోట కంత పడినయెడల, ద్వారము ఉండదగినచోట లేదని తెలివిగల యజమానుడు గ్రహించును. బాటయు అట్టిదే. క్షేమమైన దారి దూరమును, అపాయమైన దారి దగ్గరయు అయి యున్నంతకాలము, అలసి యింటికి మరలువాడు దగ్గరదారినే పట్టును. క్షేమమైన దారినే సులభమైన దారిగా చేయుట ఇంజనీరు పని.

ఇది యెట్లు చేయవచ్చును? రహదారి ప్రక్కనే ఊరివారి బండ్లకు వేరుగా సర్వీసు రోడ్డు వేసినచో ట్రాక్టరు పెద్దబాట యెక్కకయే పొలము చేరును. జనము ఎక్కువగా దాటుచోట అండర్‌పాసు కట్టినచో లారీ పైనను, పల్లెవాడు క్రిందను, ఒకరి కొకరు అడ్డములేక పోవుదురు. డివైడరులో మలుపునకు సందు విడిచినచోట, తిరుగు బండి నిలుచుటకు ప్రత్యేకముగా నొక వరుస కావలెను. పల్లెబాట పెద్దబాటను కలియుచోట స్పీడు బ్రేకరు పల్లెబాటమీద నుండవలెను, మూలలనున్న తుమ్మపొదలను కొట్టివేయవలెను, దీపము వెలుగవలెను. వంతెనలకు చేతిగోడ యుండవలెను. ట్రాక్టరు తొట్టి వెనుక మెరుపు పట్టీ అతికించుటకు ఖర్చు స్వల్పము. చీకటిలో అది ప్రాణమును నిలుపును. సాగర్ ఎడమకాలువ నీటితో వరి పండు ఈ సీమలో కోతలకాలమున వడ్లను బాటమీద ఆరబోయుట కలదు. ఊరికి చాలినన్ని కల్లములు కట్టించినయెడల, ఎవరిని మందలింపనక్కర లేకయే బాట ఖాళీ యగును.

ఐదువందల మీటర్ల నిడివిలో మూడేండ్లలో మరణమో పెద్ద గాయమో కలిగిన ప్రమాదములు ఐదు జరిగినను, లేక పదిమంది మరణించినను, ఆ చోటును ప్రభుత్వమువారు బ్లాక్ స్పాటు అందురు. హైదరాబాదు విజయవాడల నడుమ గుర్తింపబడిన పదునేడు చోట్లలో మునగాల మండలములోని ముకుందాపురము, ఆకుపాముల అనునవి రెండు. వీనిని సరిచేయుటకు పనులు తలపెట్టబడుట సంతోషకరము. కాని ఈ కొలతలో నొక లోపము కలదు. లెక్క పూర్తియగుటకు ముందుగా కొన్ని ఇండ్లలో దీపము లారిపోవలెను. చావులను లెక్కించి పిమ్మట పిట్టగోడ కట్టుటకంటె, ముందే కట్టుట మేలుగదా!

స్వీడను దేశమువారు 1997లో ఈ మార్గమునే అవలంబించిరి. మనుష్యుడు పొరబడక మానడు. ఆ పొరపాటునకు ప్రాణమే మూల్యము కాకుండునట్లు బాట నిర్మింపవలెనని వారు నిశ్చయించిరి. మన దేశమున 2022లో రోడ్డు ప్రమాదములవలన 1,68,491 మంది మరణించిరి. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము, క్షేమ నియమములు పాటింపక రోడ్డు వేసిన అధికారికిని, కంట్రాక్టరుకును లక్ష రూపాయలవఱకు జరిమానా విధించుచున్నది. పిట్టగోడ విధి ఇట్లు మన చట్టములోనికిని వచ్చినది.

ఇందువలన నడుపువానికి బాధ్యత లేదని యెవరును తలపరాదు. త్రాగి బండి నడుపువానిని ఏ ఇంజనీరును కాపాడలేడు. బాటను మంచిగా కట్టుట ఒక ధర్మము, మంచిగా నడుచుట మరియొక ధర్మము.

విద్యార్థులారా, మీరు చేయగలిగిన పని యొకటి కలదు. మీ యింటినుండి బడికి వచ్చు దారిని కాగితముపై గీయుడు. ఎచట బాట దాటుటకు భయపడుచున్నారో, ఎచట పొద చాటున బండి కనబడదో, ఎచట జనము ఎదురుదారిని పోవుచున్నారో గుర్తు పెట్టుడు. తల్లిదండ్రులు ఆ పటములను కూర్చి, గ్రామ పంచాయతీవారికిని, రహదారి అధికారులకును సమర్పింపవలెనని మా ప్రార్థన. ప్రమాదము జరుగకముందే అపాయస్థానము నెరిగినవారు ఆ దారిని దినమును నడుచువారే. అట్టి పటము నొక పసిబిడ్డ గీసినను అది పిట్టగోడకు వేసిన మొదటి రాయి యగును.