రెండు కుక్కలు, ఒక బాలుడు

బాలుర నవల యొకటి పాఠ్యముగ నియమింపబడినతోడనే దానినుండి నీతిని పిండుట మన యుపాధ్యాయులకు పరిపాటి. పట్టుదల, విశ్వాసము అను రెండుమాటలు నల్లబల్లపై వ్రాసి పుస్తకమును మూసివేయుదురు. ఇట్టి గ్రంథములను బోధింపవలసిన తీరిది కాదని మా యభిప్రాయము. అమెరికా పాఠశాలలలో తరచుగ చదివింపబడుచున్న విల్సన్ రాల్స్ నవలను, 1961లో వెలువడిన ‘వేర్ ది రెడ్ ఫెర్న్ గ్రోస్’ను, ఉదాహరణముగ గైకొందము.

కథ ఓక్లహోమాలోని ఓజార్క్ కొండలలో నడచును. పేదరైతు బిడ్డ బిల్లీకి వేటకుక్కలపై మనసాయెను. జత వెల 50 డాలర్లు. తండ్రికడ ధనము లేదు. బాలుడు రెండేండ్లు చేపలు పట్టువారికి ఎరలును కూరగాయలును అమ్మి, అడవిపండ్లు కోసి తాతగారి అంగడికి బకెట్టు 10 సెంట్ల చొప్పున వేసి, కాసు కాసు కూడబెట్టెను. ఉపాధ్యాయుడిచ్చట పుస్తకమును ప్రక్కనబెట్టి లెక్క వేయింపవలెను. సొమ్మంతయు పండ్లవలననే రావలసియుండినచో 500 బకెట్లు! పట్టుదలయన నేమో యీ గుణకారము చెప్పినట్లు ఏ యుపన్యాసమును చెప్పజాలదు.

రకూన్ అనునది చెట్లెక్కు చిన్న మృగము. దాని తోలునకు వెల గలదు. దానిని చెట్టెక్కించినచో మిగిలినది తాను చూచుకొందునని బిల్లీ కుక్కలకు మాట యిచ్చెను. అవి తొలివేటలోనే దానిని అడవిలోకెల్ల పెద్ద మ్రానుపైకి తరిమినవి. బాలుడు మాట తప్పలేక దినముల తరబడి గొడ్డలితో నరికెను; అరచేతులు బొబ్బలెక్కి పగిలెను; తుదకు భగవంతుని వేడుకొనగా గాలి లేచి మ్రాను కూలెను. గెలుపు చేతులదా, ప్రార్థనదా? పోతనగారి గజేంద్రుని కథ విన్న మన పిల్లలకీ ప్రశ్న క్రొత్తది కాదు. బలమంతయు నుడిగిన పిమ్మటనే గదా యతడు మొఱవెట్టెను! తరగతిని వాదింపనిండు. తీర్పు చెప్పుటకు తొందర వలదు.

తోలుకై మృగములను జంపుట శౌర్యమా యని ఏ బాలికయో యడుగును, అడుగవలయును. ఎవ్వరికిని చిక్కని ముసలి రకూన్ ఒకటి తుదకు చిక్కినపుడు బిల్లీయే దానిని చంపలేక పోయెను. ఆ ఘట్టమును మరల చదివింపుడు. పిదప కొండసింహముతో పోరాడి యజమానుని కాపాడి పెద్ద కుక్క చచ్చును. రెండవది కూడు మాని దాని సమాధిపైననే ప్రాణము విడుచును. తోడువచ్చిన కుక్కను విడిచి స్వర్గమున కేగనన్న ధర్మరాజు కథ మనది. ఇచ్చట కుక్కయే తోటికుక్కను విడిచి బ్రదుకనన్నది. పిల్లలేడ్తురని యీ ప్రకరణమును దాటవేయువారుందురు. ఏడ్వనిండు! ఆనాడు ప్రశ్నపత్రము మాత్రము వలదు.

గ్రంథకర్త చరిత్ర మఱియొక పాఠము. రాల్స్‌కు చిన్ననాట బడిచదువు అంతంతమాత్రమే. తన వ్రాతలలోని అక్షరదోషములకు సిగ్గుపడి, వానిని పెట్టెలో దాచి, 1958లో పెండ్లికి ముందు అన్నిటిని కాల్చివేసెను. సంగతి తెలిసి భార్య సోఫీ మరల వ్రాయుమని పట్టుపట్టగా ఈ కథను జ్ఞాపకమునుండి వ్రాసెను, తప్పులామె దిద్దెను. సోఫీ తొలుత కథను చదివెను, పిదప తప్పులను చూచెను. మన బడులలో ఎఱ్ఱసిరా కలము పట్టినవారు ఈ వరుసను తలక్రిందు చేయుదురు. కథ వ్రాసిన పిల్లవానికి తిరిగివచ్చునది గుర్తులతో నిండిన కాగితమే. నవలను బోధింపబూనిన యుపాధ్యాయుడు మొదట ఒక వారము ఆ కలమును మూతపెట్టి, పిల్లలచేత తమ యింటి కుక్కనుగూర్చియో యావునుగూర్చియో వ్రాయించి, వారు వ్రాసినది వ్రాసినట్లే తరగతిలో బిగ్గరగ చదివింపవలెను.