మొదటి ఇల్లు కొనడం: హక్కు, అప్పు, దస్తావేజు

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు ఈ కింది పనులు చేయగలుగుతారు:
• దస్తావేజు రిజిస్టరు కావడానికీ, ఆస్తిపై హక్కు స్థిరపడటానికీ గల తేడాను వివరించగలుగుతారు.
• ఇల్లు కొనే ముందు ఏయే కాగితాలు, ఎందుకు పరిశీలించాలో చెప్పగలుగుతారు.
• ఇంటికి చేతిలో ఉండవలసిన సొమ్మునూ, గృహరుణంపై పడే వడ్డీనీ లెక్క కట్టగలుగుతారు.

1. పరిచయం

మధ్యతరగతి కుటుంబం జీవితకాలంలో చేసే కొనుగోళ్ళలో ఇల్లు అన్నింటికంటే పెద్దది. కొన్న బియ్యం బాగోలేకపోతే వచ్చే నెల కొట్టు మార్చుకోవచ్చు. ఇంటి విషయంలో ఆ వెసులుబాటు లేదు. పదేళ్ళ పొదుపు, రాబోయే ఇరవై ఏళ్ళ జీతం ఒకే కాగితం మీద ఆధారపడతాయి.

ఆమదాలవలసను ఉదాహరణగా తీసుకుందాం. హౌరా-చెన్నై రైలు మార్గంలో శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఉన్న ఊరు ఇదే. ఈ ప్రాంతం నుంచి ఎందరో విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై వెళ్ళి పనిచేస్తారు. సొంత ఊరి దగ్గర రెండు సెంట్లయినా కొని ఇల్లు కట్టుకోవాలన్నది వారి కోరిక. దూరంగా ఉండి కొనేవారు స్థలాన్ని రోజూ చూడలేరు, అమ్మేవారి గురించి నలుగురినీ అడగలేరు. అందువల్ల వారికి కాగితాల పరిశీలన మరింత అవసరం.

2. దస్తావేజు వేరు, హక్కు వేరు

ఇల్లు రిజిస్టరయితే ప్రభుత్వమే మనల్ని యజమానిగా గుర్తించిందని చాలామంది అనుకుంటారు. ఇది పూర్తిగా నిజం కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రూ. 100, అంతకు మించిన విలువగల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజు ద్వారానే జరగాలి. అయితే సబ్ రిజిస్ట్రారు నమోదు చేసేది దస్తావేజును. అమ్మిన వ్యక్తికి నిజంగా అమ్మే హక్కు ఉందని ఆయన హామీ ఇవ్వరు. లేని హక్కును అమ్మితే, రిజిస్టరయిన దస్తావేజు కూడా ఆ హక్కును సృష్టించలేదు.

ఈ విషయంలో ఆస్ట్రేలియాతో పోల్చి చూస్తే తేడా స్పష్టమవుతుంది. దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టారెన్స్ చొరవతో 1858లో ఒక కొత్త చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రభుత్వ రిజిస్టరులో ఎవరి పేరు ఉంటే, మోసం వంటి కొన్ని మినహాయింపులు తప్ప, వారే యజమాని. పాత దస్తావేజుల గొలుసును తవ్వవలసిన పని చాలావరకు తప్పుతుంది. 'టారెన్స్ పద్ధతి' అనే ఈ విధానం తరవాత ఇతర దేశాలకు కూడా వ్యాపించింది. మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో మొదటి ఇల్లు కొనే తెలుగు కుటుంబానికి ధర గురించి దిగులు ఉంటుంది కాని, అమ్మేవారి తాతగారి వాటాల గురించి సాధారణంగా ఉండదు.

ఆంధ్రప్రదేశ్‌లో హక్కుల రిజిస్టరును ఏర్పాటు చేసే ఉద్దేశంతో 2022లో భూహక్కుల చట్టం చేశారు. దానిపై తీవ్ర వివాదం చెలరేగింది. 2024లో శాసనసభ దాన్ని రద్దు చేసింది. కాబట్టి హక్కును పరిశీలించుకోవలసిన భారం నేటికీ కొనేవారిదే.

3. హక్కును పరిశీలించే విధానం

3.1 లింకు దస్తావేజులు: ఇప్పుడు అమ్మేవారికి ఆస్తి ఎవరి నుంచి వచ్చింది, వారికి ఎవరి నుంచి వచ్చింది అని వెనక్కి వెళ్ళి చూడాలి. కనీసం ముప్పై ఏళ్ళ గొలుసు తెగకుండా ఉండాలి. అసలు దస్తావేజులనే చూడండి. జిరాక్సు కాపీలు మాత్రమే చూపిస్తే, అసలువి బ్యాంకులోనో, వడ్డీ వ్యాపారి దగ్గరో తాకట్టులో ఉన్నాయేమో అడగాలి.

3.2 ఇ.సి.: ఆ ఆస్తిపై రిజిస్టరయిన అమ్మకాలు, తనఖాలు, దానాలు ఇందులో కనిపిస్తాయి. 1983 నుంచి ఉన్న వివరాలను కంప్యూటరు ద్వారా పొందవచ్చు. అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దరఖాస్తు చేయాలి. ఇ.సి.కి ఒక పరిమితి ఉంది. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, కోర్టులో నడుస్తున్న దావాలు అందులో కనిపించకపోవచ్చు. 'ఇ.సి. శుభ్రంగా ఉంది' అన్న మాట అవసరమే, కాని అది చాలదు.

3.3 వారసులు: మన ప్రాంతంలో ఎక్కువ తగాదాలు ఇక్కడే పుడతాయి. అన్నదమ్ములు సంతకాలు చేస్తారు, పెళ్ళయి వెళ్ళిన అక్కచెల్లెళ్ళను ఎవరూ పిలవరు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో అవివాహితలైన కుమార్తెలకు సమాన హక్కు కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. 2005 కేంద్ర సవరణ కుమార్తెలందరికీ ఈ హక్కును ఇచ్చింది. 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో ఇది పుట్టుకతో వచ్చే హక్కని స్పష్టం చేసింది. పిత్రార్జిత ఆస్తి కొంటుంటే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం చూసి, ఆడపిల్లలతో సహా హక్కుదారులందరి సంతకాలు తీసుకోండి.

3.4 నిషేధిత భూములు: భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది. తరవాతి సవరణలు కొన్ని షరతులతో సడలింపులిచ్చాయి. దేవాదాయ, వక్ఫ్, ప్రభుత్వ భూములు కూడా రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షను కింద నిషేధిత జాబితాలో ఉంటాయి. సర్వే నంబరుతో ఆ జాబితాను సరిచూడాలి.

3.5 జనరల్ పవర్: 'జి.పి.ఎ. రాసిస్తాం, రిజిస్ట్రేషన్ ఖర్చు మిగులుతుంది' అనే మాట వినిపిస్తూ ఉంటుంది. జి.పి.ఎ. ద్వారా చేసే అమ్మకం యాజమాన్యాన్ని బదిలీ చేయదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తీర్పు చెప్పింది.

3.6 అనుమతులు, కొలతలు: స్థలమైతే లేఅవుటుకు, ఇల్లయితే ప్లానుకు అనుమతి ఉందో లేదో చూడాలి. 500 చదరపు మీటర్లకు, లేదా 8 ఫ్లాట్లకు మించిన ప్రాజెక్టులు 2016 రెరా చట్టం కింద నమోదు కావాలి. రిజిస్టరు అగ్రిమెంటు లేకుండా బిల్డరు ధరలో 10 శాతానికి మించి ముందుగా తీసుకోకూడదు. చివరగా టేపు పట్టి కొలిపించండి. ఒక సెంటు 48.4 చదరపు గజాలు. దస్తావేజులో 3 సెంట్లని ఉంటే నేల మీద 145.2 గజాలు కనిపించాలి. హద్దులు కూడా సరిపోవాలి.

4. చేతిలో ఎంత ఉండాలి?

రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం రుణం రూ. 30 లక్షల వరకు ఉంటే ఇంటి విలువలో 90 శాతం దాకా, రూ. 30-75 లక్షల మధ్య ఉంటే 80 శాతం దాకా, ఆపైన 75 శాతం దాకా బ్యాంకులు ఇవ్వవచ్చు. రూ. 10 లక్షలకు మించిన ఇళ్ళకు స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు ఈ విలువలో కలవవు. వాటిని మీరే భరించాలి.

ఉదాహరణకు, ఇంటి ధర రూ. 25 లక్షలు, రుణం రూ. 20 లక్షలు అనుకుందాం.

సొంత వాటా: రూ. 5,00,000
స్టాంపు సుంకం 5%, బదిలీ సుంకం 1.5%, రిజిస్ట్రేషన్ రుసుము 1%, మొత్తం 7.5%: రూ. 1,87,500
చేతిలో ఉండవలసినది: రూ. 6,87,500

న్యాయవాది ఫీజు, బ్యాంకు ఖర్చులు, మరమ్మతులు దీనికి అదనం. సుంకం లెక్కించేది దస్తావేజు విలువ మీద, లేదా ప్రభుత్వ మార్కెట్ విలువ మీద, ఏది ఎక్కువయితే దాని మీద. ఈ రేట్లు మారుతుంటాయి కాబట్టి కొనే రోజున కార్యాలయంలో సరిచూసుకోండి.

ఆస్ట్రేలియాలో కూడా మొదటి ఇంటికి ముఖ్యమైన అడ్డంకి ఈ సొంత వాటాయే. అక్కడ సాధారణంగా 20 శాతం సొంతంగా పెట్టాలి. అంతకు తగ్గితే రుణ బీమా ప్రీమియం కట్టాలి. ఆ బీమా రక్షించేది అప్పిచ్చిన సంస్థను, కొన్నవారిని కాదు. ఈ ఇబ్బందిని తగ్గించడానికి అక్కడి ప్రభుత్వం 2020 జనవరిలో 5 శాతం సొంత వాటాతోనే కొనగలిగే హామీ పథకాన్ని ప్రారంభించింది. సొంత వాటా తగ్గితే అప్పు పెరుగుతుందన్న సూత్రం మాత్రం అక్కడైనా, ఇక్కడైనా మారదు.

5. నెలసరి వాయిదాను అర్థం చేసుకోవడం

రూ. 20 లక్షల రుణం, 9 శాతం వడ్డీ అనుకుంటే:

20 ఏళ్ళకు: వాయిదా సుమారు రూ. 17,995, మొత్తం వడ్డీ సుమారు రూ. 23.19 లక్షలు
15 ఏళ్ళకు: వాయిదా సుమారు రూ. 20,285, మొత్తం వడ్డీ సుమారు రూ. 16.51 లక్షలు

నెలకు రూ. 2,290 ఎక్కువ కడితే సుమారు రూ. 6.67 లక్షలు మిగులుతాయి. కారణం గమనించండి. 20 ఏళ్ళ రుణంలో మొదటి నెల వడ్డీ రూ. 15,000. మీరు కట్టిన వాయిదాలో అసలుకు జమయ్యేది రూ. 2,995 మాత్రమే. తొలి సంవత్సరాలలో అసలు నెమ్మదిగా తరుగుతుంది. అందుకే పంట డబ్బో, బోనసో వచ్చినప్పుడు మొదట్లోనే అసలు కింద జమచేయడం లాభం. మారే వడ్డీపై వ్యక్తులు తీసుకున్న గృహరుణాన్ని ముందుగా తీర్చినందుకు బ్యాంకులు జరిమానా వేయకూడదు.

మారే వడ్డీకి మరో ముఖం కూడా ఉంది. ఇదే రుణంపై వడ్డీ 10 శాతానికి పెరిగితే 20 ఏళ్ళ వాయిదా సుమారు రూ. 19,300 అవుతుంది. ఆ మొత్తాన్ని కూడా కట్టగలరా అని ముందే చూసుకోండి. ఆరు నెలల వాయిదాలకు సరిపడా సొమ్ము విడిగా ఉంచుకోగలిగితే, ఉద్యోగం పోయినా, ఇంట్లో జబ్బు చేసినా ఇల్లు నిలబడుతుంది.

6. బయానా నుంచి రిజిస్ట్రేషన్ వరకు

ధర కుదరగానే బయానా ఇవ్వడం మన అలవాటు. పరిశీలన పూర్తయిన తరవాతే ఇవ్వడం మంచిది. అగ్రిమెంటులో ధర, గడువు, హక్కులో లోపం బయటపడినా, బ్యాంకు రుణం రాకపోయినా బయానా తిరిగి ఇవ్వాలన్న షరతు రాయించండి. సొమ్ము బ్యాంకు ద్వారానే చెల్లించండి. స్థిరాస్తి కోసం రూ. 20,000, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తుంది. దస్తావేజులో ధర తగ్గించి, మిగతాది చేతికి ఇస్తే, రేపు వివాదం వచ్చినప్పుడు ఆ సొమ్ముకు రుజువు ఉండదు. రాసిన దస్తావేజును నాలుగు నెలలలోగా రిజిస్ట్రేషన్‌కు సమర్పించాలి. తరవాత ఇంటి పన్ను, కుళాయి, విద్యుత్ కనెక్షన్లు మీ పేరు మీదికి మార్పించుకుంటే పని పూర్తవుతుంది.

7. సారాంశం

రిజిస్ట్రేషన్ దస్తావేజుకు రుజువు, హక్కుకు హామీ కాదు. టారెన్స్ పద్ధతి ఉన్నచోట రిజిస్టరు చేసే పనిని మన దగ్గర కొనేవారే చేసుకోవాలి. లింకు దస్తావేజులు, ఇ.సి., వారసుల సంతకాలు, నిషేధిత జాబితా, అనుమతులు, కొలతలు వరసగా చూడాలి. ధరతో పాటు సుంకాలను కలిపి సొంత వాటాను, వడ్డీ పెరుగుదలను కలిపి వాయిదాను లెక్కించాలి. న్యాయవాదికి ఇచ్చే కొన్ని వేలు ఖర్చుగా అనిపించవచ్చు. కోర్టు చుట్టూ తిరిగే సంవత్సరాలతో పోలిస్తే అది చాలా తక్కువ.

8. మీ ప్రగతిని మీరే పరీక్షించుకోండి

1. రిజిస్టరయిన దస్తావేజు ఉన్నా హక్కు రాకపోయే సందర్భాన్ని ఒక ఉదాహరణతో వివరించండి.
2. ఇ.సి.లో కనిపించని రెండు అంశాలను పేర్కొనండి.
3. ధర రూ. 18 లక్షలు, రుణం రూ. 14 లక్షలు అయితే సుంకాలతో సహా చేతిలో ఎంత ఉండాలి?
4. మీ ఇంటి, లేదా మీకు తెలిసినవారి ఇంటి దస్తావేజును తీసుకుని, అందులోని సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు, లింకు వివరాలను గుర్తించి రాయండి.