వృద్ధాప్యంలో చెవుడు – కోక్లియర్ ఇంప్లాంట్

"అవ్వా, పొద్దుటి బీపీ గోలీ వేసుకున్నవా?" అని అడిగితే "ఆ, వేసుకున్న బిడ్డా" అంటుంది. నిజానికి ఆమెకు ప్రశ్న వినపడలేదు. మన పెదవులు కదిలాయి కనుక తల ఊపింది, అంతే. దుబ్బాకలో ఇలాంటి పెద్దవాళ్ళను మేము తరచుగా చూస్తుంటాము. మొండితనం అనుకుని మేము విసుక్కున్న రోజులూ ఉన్నాయి.

మీ ఇంట్లో పెద్దలు "మాట వినపడుతోంది గాని అర్థం కావడం లేదు" అంటే తేలికగా తీసుకోకండి. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో కోక్లియా అనే భాగం ఉంటుంది. అందులోని సన్నని కణాలు శబ్దాన్ని నరానికి అందిస్తాయి. వయసుతో, ఏళ్ళ తరబడి పెద్ద చప్పుళ్ళ మధ్య పని చేయడంతో అవి నశిస్తాయి, తిరిగి పుట్టవు. అప్పుడు మనిషి పెళ్ళిళ్ళకు వెళ్ళడు, అరుగు మీద నలుగురిలో కూర్చోడు. తనను చూసి నవ్వుతున్నారని అనుమానపడతాడు. మతిమరుపు జబ్బుకు దారితీసే కారణాలలో చెవుడు కూడా ఒకటని లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల బృందం 2017, 2020, 2024 నివేదికలలో పేర్కొంది. చెవుడున్న అందరికీ ఆ జబ్బు వస్తుందని కాదు.

మొదట గులిమి ఉందేమో చూపించి, వినికిడి పరీక్ష చేయించండి. చాలామందికి చెవి మిషన్ సరిపోతుంది. పేద వృద్ధులకు చెవి మిషన్ వంటి పరికరాలను ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది.

మంచి మిషన్ పెట్టినా మాట తెలియని వారికే కోక్లియర్ ఇంప్లాంట్. మిషన్ శబ్దాన్ని పెంచుతుంది. ఇంప్లాంట్ అలా కాదు, చెడిపోయిన కణాలను దాటి నేరుగా నరానికే సంకేతం పంపుతుంది. చెవి వెనుక చర్మం కింద ఒక భాగం, పైన తీసి పెట్టుకునే భాగం ఒకటి ఉంటాయి. డెబ్బై దాటినా మత్తుకు శరీరం తట్టుకుంటే చేయవచ్చు. ఆ చెవిలో మిగిలిన కొద్దిపాటి సహజ వినికిడి పోవచ్చు, కొందరికి కొన్నాళ్ళు తల తిరుగుతుంది.

ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు యంత్రాన్ని ఆన్ చేస్తారు. మొదట్లో మాటలు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటాయి. "పైసలన్నీ పాయె" అని ఏడవకండి. నెలల తరబడి సాధన చేస్తే మెదడు అలవాటు పడుతుంది. మనవడి మాట, ఫోన్లో కూతురి గొంతు చాలామందికి మెల్లగా తెలుస్తాయి. సంత గోలలో మాత్రం కష్టమే.

ఖర్చు లక్షల్లో ఉంటుంది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీలో దీన్ని చేర్చింది చిన్నపిల్లల కోసం. పెద్దల విషయం ముందే అడిగి తెలుసుకోండి, అప్పు చేయడానికి తొందరపడకండి.

ఈలోగా ఇంట్లో చేయగలిగింది ఉంది. చెవిలో అరవకండి. భుజం తట్టి, వెలుగులో ఎదురుగా కూర్చుని, టీవీ ఆపి నెమ్మదిగా మాట్లాడండి. గోలీల సంగతి చెప్పాక, ఏది ఎప్పుడు వేసుకోవాలో అవ్వ నోటితోనే తిరిగి చెప్పించండి.