అయాను పుంజ చికిత్సలో పర్యవేక్షణ

అయాను పుంజ చికిత్స అనగా ప్రోటాన్లు, కార్బన్ అయాన్ల వంటి ఆవేశ కణాలను అతివేగంతో శరీరంలోనికి పంపి కాన్సర్ కణితిని నశింపజేసే విధానము. ఈ పుంజం శరీరంలో ఎంత లోతున ఆగుచున్నదో చికిత్స సమయంలోనే బయటినుండి కనుగొనుట పర్యవేక్షణ యొక్క ముఖ్యోద్దేశము.

అవసరము

ఎక్స్ కిరణాలలో కొంత భాగం శరీరం గుండా అవతలికి పోతుంది. అయాన్లు అట్లుకాక, తమ శక్తిలో అధికభాగాన్ని ప్రయాణం చివర విడిచి ఆగిపోతాయి. ఈ చోటును బ్రాగ్ శిఖరం అంటారు. దీనిని వైద్యానికి వాడవచ్చునని 1946లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ విల్సన్ ప్రతిపాదించాడు.

శిఖరం కణితిలోనే ఉన్నచో చుట్టుప్రక్కల భాగాలకు హాని తక్కువ. కొన్ని మిల్లీమీటర్లు తప్పినచో కణితి కొంత మిగిలిపోవచ్చును, లేదా దాని వెనుకనున్న వెన్నుపాము, దృష్టినాడి వంటివి దెబ్బతినవచ్చును. సీటీ స్కాన్ ఆధారంగా లెక్కించిన లోతులో సుమారు 3 శాతం అనిశ్చితి ఉంటుంది. చికిత్స సాగే వారాలలో కణితి కుంచించుకుపోవచ్చును, రోగి బరువు తగ్గవచ్చును. అందుచే కణితి చుట్టూ కొంత ఆరోగ్యకరమైన భాగాన్ని కూడా కలుపుకొని చికిత్స చేస్తారు. లోతును చూడగలిగినచో ఈ అదనపు భాగాన్ని తగ్గించవచ్చును. కాని పుంజం లోపలే ఆగిపోతుంది గనుక దానిని బయట నేరుగా కొలుచుట సాధ్యం కాదు.

పెట్ పద్ధతి

అయాన్లు కణజాలంలోని కేంద్రకాలను ఢీకొన్నపుడు స్వల్పంగా కార్బన్-11, ఆక్సిజన్-15 ఏర్పడతాయి. వీటి అర్ధాయువులు వరుసగా సుమారు 20 నిమిషాలు, 2 నిమిషాలు. ఇవి పాజిట్రాన్లను వెలువరిస్తాయి. పాజిట్రాను, ఎలక్ట్రాను కలిసి నశించినపుడు 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగల రెండు గామా కిరణాలు ఎదురెదురు దిశలలో బయలుదేరుతాయి. రోగికి ఇరువైపులనున్న శోధకాలు వీటిని గుర్తిస్తాయి. ఇట్లు లభించిన చిత్రాన్ని ముందుగా లెక్కించిన చిత్రంతో పోల్చి తేడాను కనుగొంటారు.

జర్మనీలోని డార్మ్‌స్టాట్ నగరంలో, జీఎస్ఐ పరిశోధనా సంస్థలో 1997 నుండి 2008 వరకు సుమారు 440 మందికి కార్బన్ అయాన్లతో చికిత్స జరిగినది. అక్కడ చికిత్సా స్థానంలోనే అమర్చిన పెట్ కెమెరాను పర్యవేక్షణకు ఉపయోగించారు. సంకేతం బలహీనంగా ఉండుట, ఏర్పడిన కేంద్రకాలను రక్తప్రవాహం కొంత తీసుకొనిపోవుట ఈ పద్ధతిలోని పరిమితులు.

తక్షణ గామా పద్ధతి

ఢీకొనుటచే ఉత్తేజితమైన కేంద్రకాలు దాదాపు అదే క్షణంలో గామా కిరణాలను విడుస్తాయి. రక్తప్రవాహం ఈ సంకేతాన్ని చెదరగొట్టలేదు. ఫలితం కూడా త్వరగా తెలుస్తుంది. అయితే ఈ కిరణాల శక్తి ఎక్కువ కాబట్టి సాధారణ వైద్య కెమెరాలు పనికిరావు. ఇందుకై సన్నని చీలిక గల టంగ్‌స్టన్ కవచంతో ప్రత్యేక కెమెరాను రూపొందించారు. 2015లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో ప్రోటాన్ చికిత్స పొందుచున్న రోగి విషయంలో దీనిని ఉపయోగించారు.