పాత ట్రాక్టరు, ట్రాలీ ఇండికేటర్లు వెలగడం లేదా? వరుసగా ఇలా చూసుకోండి

కోతలు మొదలయ్యాక ట్రాక్టరుకు పొలంలో ఎంత పని ఉంటుందో రోడ్డు మీదా అంతే ఉంటుంది. ధాన్యం మార్కెట్ యార్డుకు, పత్తి జిన్నింగు మిల్లుకు చేర్చాలి. మెయిన్ రోడ్డు నుంచి కుడివైపు పొలం బాటలోకి ట్రాలీతో తిరిగేటప్పుడు చాలా జాగ్రత్త అవసరం. వెనుక వచ్చే లారీ, మోటారు సైకిలు మనల్ని కుడివైపు నుంచే దాటుతాయి. ఇండికేటర్ వెలగకపోతే మనం తిరుగుతున్న సంగతి వారికి తెలియదు. ట్రాలీ నిండా లోడు ఉంటే చెయ్యి చూపినా వెనుకవారికి కనిపించదు.

ఇండికేటర్ పోగానే చాలామంది ముందుగా ఫ్లాషర్ మార్పిస్తారు. పాత ట్రాక్టర్లలో లోపం తరచుగా తుప్పు పట్టిన హోల్డర్‌లోనో, సరిగా తగలని ఎర్త్ దగ్గరో ఉంటుంది. రైతు సోదరులు కింది వరుసలో చూసుకుంటే అనవసర ఖర్చు తప్పుతుంది.

లక్షణాన్ని బట్టి లోపం

• రెండు వైపులా అసలు వెలగకపోతే: ఫ్యూజ్, ఫ్లాషర్, స్విచ్ చూడాలి.
• ఒక వైపు మాత్రమే పనిచేయకపోతే: ఫ్లాషర్ బాగానే ఉన్నట్లు. ఆ వైపు బల్బులు, వైరు, స్విచ్ చూడాలి.
• ఒక వైపు మరీ వేగంగా కొట్టుకున్నా, కొట్టుకోకుండా వెలిగే ఉన్నా: ఆ వైపు ఒక బల్బు మాడి ఉండవచ్చు, లేదా తక్కువ వాట్ల బల్బు వేసి ఉండవచ్చు.
• మసకగా వెలిగినా, ఇండికేటర్‌తో పాటు వెనుక లైటు కూడా మినుకుమన్నా: ఎర్త్ లోపం.

మామూలుగా ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకోవాలి.

పరీక్షించే విధానం

12 వోల్టుల చిన్న బల్బు ఒకటి హోల్డర్‌తో సహా తీసుకుని, దానికి రెండు పొడవైన వైర్లు కలిపితే టెస్ట్ ల్యాంప్ సిద్ధం. 5 వాట్ల బల్బు చాలు.

1. ఫ్యూజ్: తీసి వెలుతురులో చూడాలి. కాలిపోతే అదే ఆంపియర్ల కొత్తది వేయాలి. వెంటనే మళ్లీ పోతే ఎక్కడో వైరు ఒరుసుకుని బాడీకి తగులుతున్నట్లు. ఫ్యూజ్ బదులు రాగి తీగ చుట్టకూడదు. వైరు వేడెక్కి మంటలు రావచ్చు. ట్రాలీలో వరిగడ్డో పత్తో ఉంటే లోడంతా కాలిపోతుంది.

2. బల్బు, హోల్డర్: బల్బు తీసి ఫిలమెంట్ చూడాలి. ఇండికేటర్‌కు సాధారణంగా 12 వోల్టులు, 21 వాట్ల బల్బు ఉంటుంది. హోల్డర్‌లో తుప్పు ఉంటే ఎమరీ పేపర్‌తో రుద్ది, కొద్దిగా వ్యాజిలిన్ రాయాలి.

3. కరెంటు వస్తోందా: తాళం ఆన్ చేసి ఇండికేటర్ వేయాలి. టెస్ట్ ల్యాంప్ ఒక వైరును రంగు, తుప్పు లేని ఛాసిస్ ఇనుముకు, రెండో వైరును హోల్డర్‌కు వచ్చే ఇండికేటర్ వైరుకు తగిలించాలి. ల్యాంప్ కొట్టుకుంటే అక్కడిదాకా కరెంటు వస్తున్నట్లే. అప్పుడు ఎర్త్ చూడాలి.

4. ఎర్త్: హోల్డర్ బాడీ నుంచి ఛాసిస్‌కు తాత్కాలికంగా ఒక వైరు కలపాలి. బల్బు బాగా వెలిగితే లోపం ఎర్త్‌దే. బోల్టు విప్పి, కింద ఉన్న తుప్పు, రంగు గీకి గట్టిగా బిగించాలి.

5. ఫ్లాషర్: దాని వైర్లు విడదీసి, బి, ఎల్ గుర్తులున్న రెండింటిని కొద్ది సెకన్లు కలిపి ఇండికేటర్ వేయాలి. బల్బులు కొట్టుకోకుండా వెలిగితే ఫ్లాషర్ మార్చాలి. అప్పటికీ వెలగకపోతే స్విచ్, దానికి వెళ్లే వైర్లు చూడాలి.

వైర్లు కత్తిరించి అతికేటప్పుడు ముందుగా బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పాలి. పని అయ్యాక దాన్ని చివర్లో బిగించాలి.

ట్రాలీ విషయంలో

• ట్రాలీ ఎర్త్‌ను హుక్కు, పిన్ను మీద వదిలేయకూడదు. గ్రీజు, తుప్పు మధ్యలో అడ్డుపడతాయి. సాకెట్ ద్వారా విడిగా ఎర్త్ వైరు వేయించాలి.
• ప్లగ్ పిన్నుల్లో మట్టి తుడవాలి. ట్రాలీ విప్పినప్పుడు ప్లగ్‌ను నేల మీద పడేయకూడదు.
• షెడ్డులో నిలిపిన ట్రాలీ వైర్లను ఎలుకలు కొరుకుతాయి. సీజను ముందు మొత్తం వైరు చూసుకోవాలి.
• పాత ఫ్లాషర్‌కు ఎల్‌ఈడీ బల్బులు వేస్తే వేగంగా కొట్టుకుంటాయి, లేదా అసలు కొట్టుకోవు. ఎల్‌ఈడీకి సరిపోయే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేయించాలి.

గుర్తుంచుకోండి

డ్యాష్‌బోర్డు మీద చిన్న లైటు కొట్టుకుంటే వెనుక ఇండికేటర్ వెలుగుతున్నట్లు కాదు. ట్రాలీ తగిలించాక ఒకరిని వెనుక నిలబెట్టి కుడి, ఎడమ, బ్రేకు లైట్లు మూడూ చూపించుకున్నాకే రోడ్డెక్కాలి. గడ్డి, పట్టా వేలాడి లైట్లను కప్పకుండా చూడాలి. ట్రాలీ వెనుక ఎర్రని రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటించాలి. వైర్లు కాలిన వాసన వచ్చినా, పైపొర కరిగినా సొంతంగా అతుకులు వేయకుండా ఆటో ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి. అంతవరకు లోడుతో రాత్రి ప్రయాణం మానుకోవాలి.