ప్రవేశం నుండి ప్రాతినిధ్యం దాకా: భారతీయ విశ్వవిద్యాలయాలలో సమత – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

భారతీయ విశ్వవిద్యాలయాలలో సమతను గురించిన చర్చ సాధారణంగా ప్రవేశాల వద్ద మొదలై అక్కడే ముగుస్తుంది. సీటు లభించిన తరువాత విద్యార్థి ఎదుర్కొనే మౌఖిక పరీక్ష, అతనికి బోధించే అధ్యాపకుల నియామకం, అన్యాయం జరిగినప్పుడు ఫిర్యాదును విచారించే యంత్రాంగం అంతగా చర్చకు రావు. విధానపత్రాలలోని ఆశయాల కన్నా, పైకి సాంకేతికంగా కనిపించే గణనపద్ధతులే సమతను నిర్ణయిస్తున్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. యూజీసీ నిబంధనలు, పార్లమెంటు చట్టాలు, న్యాయస్థానాల తీర్పులు ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: సమత, సమానత్వం, రిజర్వేషన్, రోస్టర్, మౌఖిక పరీక్ష, వివక్ష, యూజీసీ నిబంధనలు.

1. ఉపోద్ఘాతం:

సమానత్వం, సమత అనే పదాలను తెలుగులో తరచు ఒకే అర్థంలో వాడుతుంటారు. విధానచర్చలో మాత్రం వీటి మధ్య భేదం పాటించడం అవసరం. అందరికీ ఒకే నియమాన్ని వర్తింపజేయడం సమానత్వం. వేర్వేరు స్థితులలో ఉన్నవారికి ఆ ఒకే నియమం వేర్వేరు ఫలితాలను ఇస్తున్నప్పుడు ఆ తేడాను గుర్తించి సరిచేయడం సమత.

ఈ భేదం స్వతంత్ర భారతంలో మొదట కళాశాల సీట్ల విషయంలోనే న్యాయస్థానానికి చేరింది. అప్పటి మద్రాసు రాష్ట్రంలో వైద్య, ఇంజనీరింగ్ కళాశాలల సీట్లను కమ్యూనల్ జీ.వో. ప్రకారం పంచేవారు. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్‌లకూ భారతీయ క్రైస్తవులకూ కలిపి 1, ముస్లింలకు 1 కేటాయించేవారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు ఆ రాష్ట్రంలో భాగమే కనుక ఈ పంపకం తెలుగు విద్యార్థులకూ వర్తించింది. చంపకం దొరైరాజన్ కేసులో 1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు దీనిని కొట్టివేసింది. రెండు నెలలకే, జూన్‌లో, మొదటి రాజ్యాంగ సవరణ ద్వారా 15(4) అధికరణ వచ్చింది. తీర్పు సమానత్వం వైపు నిలిచింది. సవరణ సమతకు చోటు కల్పించింది. తరువాతి ఏడు దశాబ్దాల వివాదాలకు మూలం ఇక్కడే ఉంది.

2. ప్రవేశం – సీట్ల లెక్క:

కేంద్రీయ విద్యాసంస్థల ప్రవేశాలలో షెడ్యూల్డు కులాలకు 15 శాతం, షెడ్యూల్డు తెగలకు 7.5 శాతం, ఇతర వెనుకబడిన తరగతులకు 27 శాతం రిజర్వేషన్‌ను 2006 నాటి చట్టం ఏర్పరచింది. 2008 ఏప్రిల్ 10న అశోక్ కుమార్ ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు, సంపన్నశ్రేణిని మినహాయించాలన్న షరతుతో, దీనిని సమర్థించింది.

ఈ చట్టం అమలు తీరులో ఒక విశేషముంది. కొత్తగా 27 శాతం కేటాయించినా జనరల్ సీట్ల సంఖ్య తగ్గకూడదని నిర్ణయించారు. అంతకుముందు 100 సీట్లలో 77.5 జనరల్ సీట్లు. కొత్త లెక్కలో జనరల్ వాటా 50.5 శాతం. ఆ 50.5 శాతమే 77.5 సీట్లు కావాలంటే మొత్తం సీట్లు సుమారు 154 ఉండాలి. 54 శాతం సీట్ల పెంపు అనే అంకె అలా వచ్చింది. ఒక వర్గానికి ఇచ్చినది మరొక వర్గం నుండి తీసుకున్నట్లు కాకుండా ఉండేందుకు ప్రభుత్వం ఎంచుకున్న మార్గమిది. రాజకీయంగా తెలివైన మార్గమే. అయితే తరగతి గది సగానికి పైగా పెరిగినప్పుడు దానికి తగిన అధ్యాపకులు, వసతిగృహాలు, ప్రయోగశాలలు కావాలి. ఆ అధ్యాపకులు ఎవరన్న ప్రశ్న పదేళ్ల తరువాత మరొక రూపంలో ముందుకొచ్చింది. దానికి ముందు పరిశోధక విద్యార్థి దాటవలసిన మరొక ద్వారాన్ని గమనించాలి.

3. మౌఖిక పరీక్ష:

లిఖిత పరీక్షలో సమాధానపత్రం మాత్రమే కనిపిస్తుంది. మౌఖిక పరీక్షలో పేరు, ఊరు, ఉచ్చారణ, చదివిన మాధ్యమం, తొడుక్కున్న చొక్కా అన్నీ కనిపిస్తాయి. డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలో చదివిన అభ్యర్థి సాంఘికశాస్త్ర శాఖలో ఆంగ్లంలో తన పరిశోధనాంశాన్ని వివరించవలసి వచ్చినప్పుడు, బోర్డు సభ్యులు కొలుస్తున్నది విషయజ్ఞానాన్నా, భాషాధారాళతనా అన్నది తేల్చడం కష్టం. సభ్యులకు దురుద్దేశం ఉండనక్కరలేదు. ‘ఆత్మవిశ్వాసం’ అనే గడిలో వేసే మార్కులు చాలు.

కనుక మౌఖికానికి ఎంత బరువు ఇవ్వాలన్నది చిన్న విషయం కాదు. యూజీసీ 2016లో తెచ్చిన ఎం.ఫిల్., పిహెచ్.డి. నిబంధనల ప్రకారం ప్రవేశపరీక్ష కేవలం అర్హత పరీక్ష. 50 శాతం మార్కులు దాటినవారందరూ ఇంటర్వ్యూ గదిలోకి ఒకే స్థాయిలో అడుగుపెడతారు. తుది ఎంపిక ఆ గదిలోనే. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో నఫే కమిటీ లిఖిత, మౌఖిక మార్కుల మధ్య వ్యత్యాసాలను పరిశీలించి మౌఖికం బరువును తగ్గించాలని సిఫారసు చేసిన కాలంలోనే ఈ నిబంధన రావడం విడ్డూరం. విద్యార్థుల ఆందోళనల అనంతరం 2018లో సవరణ జరిగింది. లిఖిత పరీక్షకు 70 శాతం, మౌఖికానికి 30 శాతం బరువు నిర్ణయించి, రిజర్వుడు వర్గాలకూ వికలాంగులకూ అర్హత మార్కులలో 5 శాతం సడలింపు ఇచ్చారు. ప్రవేశపరీక్ష ద్వారా తీసుకొనేవారికి 70:30 నిష్పత్తిని 2022 నిబంధనలూ కొనసాగించాయి.

ఈ మధ్యకాలంలో షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగలు, ఓబీసీల రిజర్వేషన్ శాతం ఏమీ మారలేదు. మారినది బరువుల నిష్పత్తి ఒక్కటే. అయినా ఎవరు పరిశోధకులవుతారన్నది దానితోనే మారుతుంది.

4. అధ్యాపక నియామకం – దేనిని యూనిట్‌గా లెక్కించాలి?

ఈ అంశంపై జరిగినంత తీవ్రమైన వాదం సమత విషయంలో ఇటీవల మరొకటి లేదు. అయినా దాని సాంకేతిక స్వరూపం అధ్యాపకులలోనే చాలామందికి స్పష్టంగా తెలియదు. కనుక కొంత వివరంగా చూడవలసి ఉంది.

ఉద్యోగ నియామకాలలో రిజర్వేషన్ శాతాన్ని రోస్టర్ ద్వారా అమలు చేస్తారు. 27 శాతం అంటే దాదాపు ప్రతి నాలుగింట ఒకటి కనుక ఓబీసీ అభ్యర్థికి మొదటి అవకాశం 4వ బిందువు వద్ద వస్తుంది. 15 శాతానికి లెక్క 6.67 కనుక షెడ్యూల్డు కులాలకు 7వ బిందువు. 7.5 శాతానికి లెక్క 13.33 కనుక షెడ్యూల్డు తెగలకు 14వ బిందువు. భిన్నం పూర్తి సంఖ్య అయ్యేదాకా ఆగవలసిందే. పోస్టులు వందల్లో ఉన్నప్పుడు ఈ నిరీక్షణ లెక్కలోకి రాదు. పోస్టులు రెండో మూడో ఉన్నప్పుడు సర్వమూ దానిమీదే ఆధారపడుతుంది.

2006 నాటి యూజీసీ మార్గదర్శకాలు విశ్వవిద్యాలయంలోని ఒకే స్థాయి పోస్టులన్నింటినీ కలిపి లెక్కించమన్నాయి. కాశీ హిందూ విశ్వవిద్యాలయ నియామక ప్రకటనపై వచ్చిన వ్యాజ్యంలో 2017 ఏప్రిల్‌లో అలహాబాదు హైకోర్టు దీనిని తోసిపుచ్చి, శాఖను యూనిట్‌గా తీసుకోవాలన్నది. దాని తర్కం తీసిపారవేయదగినది కాదు. రసాయనశాస్త్ర ఆచార్యుడు చరిత్రశాఖలోకి మారలేడు; అన్ని శాఖలనూ కలిపితే ఒక శాఖలో అన్నీ రిజర్వుడు పోస్టులే, మరొక శాఖలో ఒక్కటీ లేకపోవడమూ సంభవించవచ్చు. 2018 మార్చి 5న యూజీసీ ఈ తీర్పును దేశమంతటికీ వర్తింపజేస్తూ ఉత్తర్వు ఇచ్చింది.

దీని పర్యవసానాన్ని ఒక ఊహాత్మక ఉదాహరణతో చూడవచ్చు. ఒక విశ్వవిద్యాలయంలో 20 శాఖలు, ఒక్కొక్క శాఖలో 3 ప్రొఫెసర్ పోస్టులు, మొత్తం 60 అనుకుందాం. విశ్వవిద్యాలయం యూనిట్ అయితే ఓబీసీలకు 16, షెడ్యూల్డు కులాలకు 9, షెడ్యూల్డు తెగలకు 4, వెరసి 29 పోస్టులు వస్తాయి. శాఖ యూనిట్ అయితే ప్రతి శాఖ రోస్టరూ 3వ బిందువు వద్దనే ఆగుతుంది. ఫలితం సున్నా. రిజర్వేషన్ చట్టంలో ఒక్క అక్షరమూ మారలేదు. 29 పోస్టులు మాయమయ్యాయి.

ఖాళీలు ఏర్పడినప్పుడు రోస్టర్ ముందుకు కదులుతుంది కదా అన్న సమాధానం ఉంది. అదీ లెక్కించదగినదే. ఒక్కొక్క ప్రొఫెసర్ సగటున 15 సంవత్సరాలు పదవిలో ఉంటే మూడు పోస్టుల శాఖలో ఐదేళ్లకొక ఖాళీ వస్తుంది. 4వ బిందువు మొదటి ఖాళీకి, అంటే ఐదేళ్లకు చేరుతుంది. 7వ బిందువు నాలుగో ఖాళీకి, ఇరవై ఏళ్లకు. 14వ బిందువు పదకొండో ఖాళీకి, యాభై అయిదేళ్లకు. నేడు పిహెచ్.డి.లో చేరిన గిరిజన విద్యార్థిని ఆ పోస్టు ప్రకటన వెలువడే నాటికి పదవీవిరమణ వయస్సు దాటి ఉంటుంది.

పెద్ద శాఖలకు ఈ పద్ధతి వల్ల కలిగే నష్టం తక్కువ. భాషాశాఖల వంటి చిన్న శాఖలకే ఎక్కువ. ఇతర రాష్ట్రాల విశ్వవిద్యాలయాలలోని తెలుగుశాఖలు సహజంగానే చిన్నవి కనుక వాటిలో ఈ లెక్క ఎలా పనిచేస్తుందో ఊహించడం కష్టం కాదు.

2019 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రప్రభుత్వం, యూజీసీల అప్పీళ్లను తిరస్కరించింది. దేశవ్యాప్త నిరసనల నడుమ మార్చి 7న ఆర్డినెన్స్, జూలైలో కేంద్రీయ విద్యాసంస్థల అధ్యాపక రిజర్వేషన్ చట్టం వచ్చాయి. విశ్వవిద్యాలయమే మళ్లీ యూనిట్ అయింది. ‘అత్యున్నత’ సంస్థలుగా గుర్తించి షెడ్యూలులో చేర్చిన కొన్నింటికి ఈ చట్టం మినహాయింపునిచ్చింది. ప్రతిభ ఉన్నచోట ప్రాతినిధ్యం పనికిరాదన్న పాత భావన ఈ మినహాయింపులో నిశ్శబ్దంగా కొనసాగుతూనే ఉంది.

5. వివక్ష – నిర్వచనం, ఫిర్యాదు:

ప్రవేశమూ నియామకమూ అంకెలలో చెప్పదగినవి. ఆవరణ లోపలి దైనందిన వివక్ష అంకెలకు అందదు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థపై 2006లో నియమితమైన సుఖదేవ్ థోరాట్ కమిటీ 2007 నివేదికలో దీనికి తొలిసారి వివరమైన రూపమిచ్చింది. వసతిగృహాలలో దళిత, గిరిజన విద్యార్థులు కొన్ని అంతస్తులకే పరిమితమైన తీరునూ, మౌఖిక పరీక్షలలోనూ అధ్యాపకులు కేటాయించే సమయంలోనూ ఎదురైన వివక్షనూ అది నమోదు చేసింది.

యూజీసీ 2012 సమతా నిబంధనలు ఈ అనుభవాలకు నియమరూపం ఇచ్చాయి. కులం, మతం, భాష, జాతి, లింగం, వైకల్యం ఇవన్నీ అందులో వివక్షకు ఆధారాలుగా పేర్కొనబడ్డాయి. నిషిద్ధాల జాబితా చదివితే రాసినవారికి తరగతి గది తెలుసునని అర్థమవుతుంది. తరగతిలో కులం పేరు ప్రకటించడం, ‘రిజర్వుడు కేటగిరీ’ అని ముద్రవేయడం, మార్కులు తగ్గడానికి కులమే కారణమన్నట్లు మాట్లాడడం, అధ్యాపకుని కలిసే సమయంలో తేడా చూపడం, ఫెలోషిప్‌ను ఆపివేయడం, ప్రయోగశాలలో ఊరకే నిలబెట్టడం అన్నీ వివక్షగా గుర్తింపబడ్డాయి.

జాతి అనే పదం ఆ నిర్వచనంలో అలంకారప్రాయం కాదు. 2014 జనవరిలో అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థి నిడో తానియా ఢిల్లీలో దాడికి గురై మరణించిన తరువాత నియమితమైన బెజ్‌బరువా కమిటీ, ఈశాన్య ప్రాంతీయులు ముఖకవళికల కారణంగా ఎదుర్కొంటున్న అవమానాన్ని జాతివివక్షగానే పరిగణించింది. దీనికి ప్రతిబింబం వంటిది విదేశాలలో జరిగింది. అమెరికాలో జాతివివక్షనిరోధక విధానాలు కులాన్ని ఎరుగవు. 2019లో బ్రాండైస్ విశ్వవిద్యాలయం, 2022 జనవరిలో 23 ప్రాంగణాల కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయం కులాన్ని వివక్ష నిషేధాల జాబితాలో చేర్చాయి. అక్కడ చదివే తెలుగు విద్యార్థి శరీరవర్ణం రీత్యా అల్పసంఖ్యాకుడు. తోటి భారతీయుల నడుమ కులం రీత్యా పైవాడో, కిందివాడో. ఒకే వ్యక్తి ఒక నియమం కింద బాధితుడుగానూ మరొక నియమం కింద బాధ్యుడుగానూ నిలబడగల స్థితి ఇది.

మన 2012 నిబంధనల లోపం నిర్వచనంలో లేదు, యంత్రాంగంలో ఉంది. ఫిర్యాదును విచారించే వివక్షనిరోధక అధికారిని నియమించేది ఆ సంస్థే. ప్రొఫెసర్ స్థాయికి తగ్గని ఆ అధికారి, 60 రోజులలో తన సహోద్యోగిపైనో, తనను నియమించిన పాలకవర్గంపైనో నిర్ణయం చెప్పాలి. పర్యవేక్షకుని సంతకం లేనిదే సిద్ధాంతవ్యాసం సమర్పించలేని పరిశోధక విద్యార్థి అదే పర్యవేక్షకునిపై ఫిర్యాదు చేయవలసిన స్థితిని నిబంధనలు పట్టించుకోలేదు.

2016 జనవరి 17న, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో వసతిగృహం నుండి వెలివేయబడిన ఐదుగురు పరిశోధకులలో ఒకరైన రోహిత్ వేముల మరణించే నాటికి ఈ నిబంధనలు మూడేళ్లుగా అమలులోనే ఉన్నాయి. 2019 మేలో ముంబయిలో వైద్యవిద్యార్థిని పాయల్ తడ్వీ మరణించే నాటికీ ఉన్నాయి. ఆ ఇద్దరి తల్లులు రాధికా వేముల, ఆబేదా తడ్వీ 2019లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం కొత్త చట్టాన్ని కోరినది కాదు. ఉన్న నిబంధనలను అమలు చేయించమన్నదే దాని ముఖ్యమైన కోరిక.

ఆ వ్యాజ్యం ఒత్తిడితోనే యూజీసీ 2025లో ముసాయిదా వెలువరించింది. అబద్ధపు ఫిర్యాదులకు శిక్ష అన్న నిబంధనపై విమర్శలు రాగా దానిని తొలగించి, ఓబీసీలను చేర్చి, 2026 జనవరి 13న తుది నిబంధనలను ప్రకటించింది. కులవివక్షకు గురయ్యేవారు కొన్ని వర్గాలవారే అన్నట్లుగా నిర్వచనం ఉన్నదన్న అభ్యంతరంతో వ్యాజ్యాలు దాఖలయ్యాయి. జనవరి 29న సుప్రీంకోర్టు వాటి అమలును నిలిపివేసి, అంతవరకు 2012 నిబంధనలే కొనసాగుతాయన్నది. అభ్యంతరం ఏ కులవిద్యార్థి అయినా వివక్షకు గురికావచ్చునన్న సమానత్వవాదం. నిబంధన వివక్ష చారిత్రకంగా ఏ దిశలో ప్రవహించిందో గుర్తించమన్న సమతావాదం. 1951 నాటి ప్రశ్న మరల అదే న్యాయస్థానం ముందు నిలిచింది. ఈలోగా కళాశాలలకు వర్తించేవి 2012 నిబంధనలే. వాటి ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలో సమాన అవకాశాల విభాగమూ, వివక్షనిరోధక అధికారీ ఉండాలి.