విదేశీ విరాళం: ఎవరి డబ్బుకు అనుమతి కావాలి?

గోదావరిఖనిలో బొగ్గుబావి కార్మికుడు ఆదివారం కానుకల సంచిలో వేసే డబ్బుకు ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న అతని కొడుకు అదే సంఘానికి విరాళం పంపితే మాత్రం, సంఘానికి ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో ఉండి తీరాలి. ఈ తేడా తెలియక చిక్కుల్లో పడకూడదనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం మొదట 1976లో, ఎమర్జెన్సీ కాలంలో వచ్చింది. 2010లో కొత్త చట్టం చేశారు. రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 2020 సవరణ పట్టు మరింత బిగించింది. డబ్బు ముందుగా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. అందుకున్న సంస్థ మరో సంస్థకు పంచకూడదు. పాలనా ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది. పెద్ద సంస్థల సాయంతో నడిచే చిన్న పరిచర్యలకు ఆ దారి మూసుకుపోయింది.

ఈ చట్టం హక్కుల కార్యకర్తల నోరు నొక్కడానికి ఉపయోగపడుతోందని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల హైకమిషనర్ మిషెల్ బాచెలెట్ 2020 అక్టోబరులో ఆందోళన తెలిపారు. విదేశీ విరాళం పొందడం సంపూర్ణ హక్కు కాదంటూ సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 8న సవరణలను సమర్థించింది.

విదేశీ సొమ్మంతా అనుమానాస్పదమని చట్టం కూడా అనడం లేదు. మన రామగుండం ఎన్టీపీసీకి ప్రపంచ బ్యాంకు రుణం అందింది. ఆ బ్యాంకును ఈ చట్టం ‘విదేశీ వనరు’గా లెక్కించదు. లెక్కలు అడిగే అధికారం ప్రభుత్వానికి ఉంది, ఉండాలి కూడా. కాదన్నప్పుడు కారణం స్పష్టంగా చెప్పాలన్నదే మా మాట. 2021 క్రిస్మస్ రోజున మదర్ తెరెసా స్థాపించిన మిషనరీస్ ఆఫ్ ఛారిటీకి పునరుద్ధరణ నిరాకరించి, ‘ప్రతికూల సమాచారం’ ఉందన్నారు. 2022 జనవరిలో తిరిగి ఇచ్చారు. ఆ సమాచారం ఏమిటో ప్రజలకు చెప్పలేదు. అన్నం పెట్టే చేతిని ఆపేటప్పుడు ఆ మాత్రం జవాబుదారీతనం ఉండొద్దా?

మనవైపు నుంచీ జాగ్రత్త కావాలి. గల్ఫ్‌లో ఉన్నా భారత పౌరసత్వం వదులుకోని బిడ్డ, తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అతని పాస్‌పోర్టు నకలు, రసీదు భద్రపరచండి. విదేశీ పౌరుడి విరాళాన్ని బంధువుల ఖాతాల గుండా తిప్పడం అడ్డదారి. యెరూషలేము పేదల కోసం చందా తీసుకెళ్లిన పౌలు, నింద రాకుండా సంఘాల ప్రతినిధులను వెంటబెట్టుకున్నాడు. మన లెక్కలు ఎవరు అడిగినా చూపేలా ఉంటేనే, ప్రభుత్వాన్ని కారణం అడిగే మన గొంతుకు బలం.